రాజ్యము లెందుకు కూలును?

శ్రీకాకుళములోని జామియా మసీదును 1641లో గోల్కొండ సుల్తానుల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించెను. మసీదు నేటికిని నిలిచియున్నది. సుల్తానుల రాజ్యము 1687లో ఔరంగజేబు వశమయ్యెను. ఫౌజుదారీయు ఆ పిమ్మట నూరేండ్లు నిలువలేదు. ఇంతటి అధికారము లెందుకు కూలును? ఈ ప్రశ్నను శాస్త్రముగా విచారించిన అరబ్బు పండితుడొకడు కలడు.

ఆయన ఇబ్న్ ఖల్దూన్. 1332లో ట్యూనిసున జన్మించి, 1406లో కైరోలో మరణించెను. 1377లో 'ముఖద్దిమా' అను చరిత్రపీఠికను రచించెను. రాజ్యమునకు ప్రాణము 'అసబియ్యా' అని ఆయన సిద్ధాంతము. ఒకరికొరకు ఒకరు నిలుచు కట్టుబాటే అసబియ్యా. దాని బలముచే నాయకుడు రాజగును. రాజైన పిదప అధికారమంతయు తనకే కావలెనని, వెంట నిలిచినవారిని దూరముచేసి, జీతపు సైన్యమును నమ్ముకొనును. ఆ జీతములకును, విలాసములకును పన్నులు పెంచును. కష్టఫలము దక్కదని తెలిసిన రైతు సేద్యముపై ఆశ విడుచును. అప్పుడు పన్ను పెరిగినను రాబడి తగ్గును. ఇట్లు సాధారణముగా మూడు తరములలో వంశము క్షీణించునని ఆయన లెక్క.

ఈ లెక్క మనకు పూర్తిగా సరిపోదు. 1518 మొదలు గోల్కొండ సుమారు 170 ఏండ్లు నిలిచెను. ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవుల నాదరించెను. తెలుగు ఉద్యోగులును ఆ కొలువున పెద్ద పదవులందిరి. ఆ కలుపుగోలుతనము రాజ్యమునకు ఆయువు పోసెనని మేము తలంతుము. అయినను శిస్తు వసూలును హెచ్చు పాటదారున కప్పగించు పద్ధతి రైతును పీల్చివేసెను.

పిదప వచ్చిన నిజాం పాలనలో ఖల్దూన్ మాట మరింత స్పష్టముగా రుజువయ్యెను. 1753లో సలాబత్ జంగు ఫ్రెంచి సేనల జీతముల నిమిత్తము శ్రీకాకుళము సర్కారును కూడ వారికి వ్రాసియిచ్చెను. ఫౌజుదారు జాఫరలీఖాన్ దాని నెదిరించెను. సొంత అధికారియే ఎదురుతిరిగిన ప్రభుత్వమునకు కట్టుబాటెక్కడిది? బుస్సీ ఈ సర్కారును విజయనగర ప్రభువు పెద విజయరామరాజునకు కౌలుకిచ్చెను. 1757 జనవరిలో బొబ్బిలి కోట రక్తసిక్తమయ్యెను. 1766లో నిజాం ఈ సీమను ఆంగ్ల కంపెనీకి వదలుకొనెను.

పదమూడేండ్లలో సీమ ఇన్ని చేతులు మారినను, రైతును సంప్రతించినవారు లేరు. ప్రజలను శిస్తు చెల్లించువారిగా మాత్రమే చూచిన ప్రభుత్వమునకు, ఆపద వచ్చిన దినమున తనదని నిలుచు ప్రజ ఉండదు. నిరంకుశత్వము ఏ కాలముననైనను, ఏ పేరుతోనైనను ఈ లోటును సైన్యముతో పూడ్చజాలదు.