చక్రం చేసే గుణకారం

"సార్, ఆ చక్రం అల్యూమినియంది గదా. అయస్కాంతం అల్యూమినియాన్ని లాగదు. దానికి ఒక్క తీగ కూడా తగల్లేదు. మరి ఎవరు తిప్పుతున్నట్టు?"

ఆళ్లగడ్డలో పదో తరగతికి విద్యుత్తు పాఠం చెబుతుండగా వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. పాత కరెంటు మీటరు గురించి. అద్దం వెనక అడ్డంగా తిరిగే పళ్లెం, దాని అంచున గీత, అందరికీ తెలిసినవే. ఫ్యాను ఒక్కటే వేస్తే నింపాదిగా కదులుతుంది, గీజరు వేస్తే పరుగందుకుంటుంది. బిల్లు ఎక్కువొచ్చిన నెలలో చాలామంది దాని ముందు నిలబడి చూస్తారు గానీ, అసలు అదెందుకు తిరుగుతోందని అడిగేవాళ్లు తక్కువ. నంద్యాలలో అద్దె పోర్షన్లకు బిగించే సబ్‌మీటరు పాతదొకటి తెచ్చి, బల్లమీద విప్పి పిల్లలకు చూపించాను. అప్పట్నుంచి నాకు ఆ యంత్రం మీద వల్లమాలిన ఇష్టం.

లోపల ఉన్నది చాలా తక్కువ. చక్రానికి ఒకవైపు సన్నని తీగ చుట్ట, వేల చుట్లు. ఇంటికొచ్చే వోల్టేజి దానికి ఎప్పుడూ తగిలే ఉంటుంది. రెండోవైపు లావు తీగ, కొద్ది చుట్లు. ఇంట్లో వాడే కరెంటంతా దాని గుండానే పోవాలి. కాస్త పక్కన ఒక శాశ్వత అయస్కాంతం, దాని రెండు కొనల మధ్య ఖాళీలో చక్రం అంచు. ఆపైన పళ్ల చక్రాలు, అంకెలు.

పిల్లవాడి ప్రశ్నకు జవాబు 1824 నాటికే సగం దొరికింది. ఫ్రాన్సులో అరాగో రాగి పళ్లేన్ని తిప్పి, దాని మీద వేలాడే అయస్కాంతపు సూది తనూ తిరగడం చూపించాడు. ఎందుకో 1831లో ఫారడే చెప్పాడు. లోహం దగ్గర అయస్కాంత బలం మారుతుంటే ఆ లోహంలోనే కరెంటు సుడులు పుడతాయి. సుడి పుట్టిన లోహం ఇక ఉత్త అల్యూమినియం కాదు, కరెంటు మోసే తీగతో సమానం. అయస్కాంతం దాన్ని తోయగలదు.

అయితే చుట్ట ఒక్కటే ఉంటే చక్రం తిరగదు. ఎటు తిరగాలో తేల్చేదేమీ లేదు. రెండు చుట్టలూ ఒకే లయలో పెరిగి తగ్గుతున్నా తిరగదు. ఇక్కడే నాకు అన్నిటికంటే నచ్చిన కిటుకు ఉంది. సన్నతీగకు అన్ని చుట్లు ఉండటంవల్ల దాని అయస్కాంత బలం వోల్టేజి కన్నా పావు ఆవృత్తి వెనకబడుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటులో అది సెకనులో రెండు వందో వంతు. గీజరు వేశామనుకోండి. లావుతీగ బలం శిఖరం మీద ఉన్న క్షణంలో సన్నతీగ బలం సున్నాను దాటుతూ ఉంటుంది. సున్నా దాటేటప్పుడే మార్పు అన్నిటికంటే జోరుగా ఉంటుంది గనక, అది పుట్టించే సుడులు సరిగ్గా అప్పుడే బలంగా ఉంటాయి. అంటే ఒక చుట్ట సుడిని పుట్టిస్తే ఇంకో చుట్ట దాన్ని తోస్తుంది. సెకనులో రెండు వందో వంతు గడిచేసరికి పుట్టించేది తోసేదవుతుంది, తోసేది పుట్టించేదవుతుంది. తోపు మాత్రం ఎప్పుడూ ఒకే దిక్కుకు.

ఆ తోపు ఎంత? వోల్టేజి పెరిగితే పెరుగుతుంది, కరెంటు పెరిగితే పెరుగుతుంది. రెండిటి గుణకారం. ఇంకో సంగతి కూడా తనంతట తానే లెక్కలోకి వస్తుంది. ఆళ్లగడ్డ శిల్పుల పనిశాలల్లో రాయి కోసే మోటారు తీసుకునే కరెంటు వోల్టేజి కన్నా కొంత వెనకబడి ఉంటుంది. అందులో కొంత భాగం పనికి రాకుండా తీగల్లో వెళ్లి తిరిగొస్తుంటుంది. ఒకవేళ కరెంటు పూర్తిగా పావు ఆవృత్తి వెనకబడితే రెండు చుట్టల బలాలూ ఒకే లయలో పడిపోతాయి, చక్రం ఆగిపోతుంది. పాఠంలో పవర్ ఫ్యాక్టర్ అని, కొసైన్ అని పిల్లల్ని భయపెట్టే లెక్కను ఒక పళ్లెం నోరు మెదపకుండా చేస్తోంది. పనిచేసిన కరెంటుకే డబ్బు.

ఇక ఆ పక్కన ఉన్న శాశ్వత అయస్కాంతం. దాన్ని తీసి చూశాం. చక్రం పిచ్చిపట్టినట్టు వేగం పుంజుకుంది. తోపు ఉంటే వేగం పెరుగుతూనే పోతుంది, అది కొలత కాదు. అయస్కాంతం మధ్య నుంచి కదిలే అల్యూమినియంలో మళ్లీ సుడులే పుడతాయి, ఈసారి కదలికకు అడ్డంపడేవి. వేగం రెట్టింపైతే అడ్డూ రెట్టింపు. తోపు, అడ్డు సరితూగే దగ్గర వేగం స్థిరపడుతుంది కాబట్టి వేగమంటే ఆ క్షణాన వాడుతున్న వాట్లు, మొత్తం తిరిగిన చుట్లంటే యూనిట్లు. గుణకారం, సమాకలనం రెండూ ఒక పళ్లెం మీద. అన్నీ ఆపేసినప్పుడు ఊరికే పాకకుండా ఆ పళ్లేనికి ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు కూడా పెట్టారు. రంధ్రం చుట్ట కిందికి రాగానే సుడి దారి చెదిరి చక్రం అక్కడే నిలుస్తుంది.

దీన్ని కనిపెట్టిన పోటీ కూడా అంత అందమైనదే. ఎడిసన్ మీటరులో తిరిగేదేమీ లేదు. జింకు సల్ఫేటు ద్రావణంలో జింకు పలకలు ముంచి, ఇంటి కరెంటులో చిన్న వాటా పోనిచ్చి, నెలకొకసారి పలకల్ని తూచి బిల్లు వేసేవాళ్లు. ఆల్టర్నేటింగ్ కరెంటుకు అది పనికిరాదు. 1888లో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ ఇంజినీరు షాలెన్‌బర్గర్ ఆర్క్ దీపం మీద పనిచేస్తుండగా ఊడిపడిన చిన్న స్ప్రింగు తనంతట తాను తిరగడం గమనించాడు. ఇంకొకరైతే తీసి జేబులో వేసుకునేవారు. ఆయన కొద్ది వారాల్లో మీటరు చేశాడు. దానిలో తోపు కరెంటు వర్గాన్నిబట్టి పెరిగేది. అందుకని గాలిని కోసే రెక్కలు తగిలించాడు, ఎందుకంటే గాలి అడ్డు కూడా వేగం వర్గాన్నిబట్టే పెరుగుతుంది. రెండు వర్గాలూ పోయి వేగం కరెంటుకు సరిపోయింది! ఈ తెలివికి నేను దండం పెడతాను. కానీ అది ఆంపియర్లనే లెక్కపెట్టింది. వోల్టేజి దానికి పట్టదు. మరుసటి ఏడాది బుడాపెస్టులో, గాంజ్ కర్మాగారపు ఓటో బ్లాతీ వోల్టేజిని కూడా చక్రం మీదికి తెచ్చి అయస్కాంతపు బ్రేకు పెట్టాడు. మన గోడల మీది మీటర్లకు పూర్వీకుడు అదే. 200 ఎత్తులు దాటే చదరంగం సమస్యలు అల్లిన మనిషాయన. ఇలా లయ తేడా ఉన్న చుట్టలతో నడిచే మీటర్లకు మూలమైన తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని టెస్లాతో పాటు విడిగా కనిపెట్టిన టురిన్ ఆచార్యుడు ఫెరారిస్ పేటెంటే తీసుకోలేదు.

తర్వాతి వందేళ్లలో చక్రం చిన్నదైంది, తేలికైంది, సూత్రం మారలేదు.

ఇంట్లో అన్నీ కరెంటు మీదే నడుస్తుంటే ఈ చక్రం మంచి గురువు. మీటరు మీద యూనిట్‌కు 600 చుట్లు అని ఉంటే, 2,000 వాట్ల గీజరు మూడు సెకన్లకో చుట్టు తిప్పుతుంది. 75 వాట్ల ఫ్యానుకు ఒక చుట్టు 80 సెకన్లు. 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి సుమారు 0.6 యూనిట్, 18 నిమిషాలు. స్విచ్చి ఆపకుండా వదిలేస్తే థర్మోస్టాటు మధ్యమధ్యలో తనే వేసుకుంటుంది, ఆ చుట్లూ మీ ఖాతాలోనే. పైగా అన్ని చుట్లకూ ధర ఒకటి కాదు: 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 400 దాటినవాటికి రూ.9.75.

చక్రానికి తెలియనిది గంట ఒక్కటే. తెల్లవారుజామున తిరిగినా మిట్టమధ్యాహ్నం తిరిగినా దానికి చుట్టు చుట్టే. బ్రిటన్‌లో 1978లో రాత్రి ఏడు గంటలపాటు చౌక ధర పెట్టినప్పుడు మీటరుకు గడియారం తగిలించి, రెండు వరసల అంకెలు పెట్టాల్సివచ్చింది. అక్కడ అద్దెకున్న మనవాళ్లకు స్టోరేజి హీటర్లు తెలిసే ఉంటాయి: రాత్రి చౌక కరెంటుతో ఇటుకల్ని కాల్చి, పగలంతా ఆ వేడిని వాడుకోవడం. మనకు వేడి ఇటుకలు అక్కర్లేదు, చౌక వేళ కూడా తిరగబడింది. నంద్యాల జిల్లాలో ఎండ కరెంటు మధ్యాహ్నం మిగులుతుంది. పాణ్యం మండలం పిన్నాపురం దగ్గర గ్రీన్‌కో చేపట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కేంద్రం పని అదే: మిగులు ఉన్నప్పుడు నీళ్లు పైకి తోడి, గిరాకీ పెరిగినప్పుడు కిందికి వదలడం. ఎలక్ట్రానిక్ మీటర్లు చక్రాన్ని తీసేశాయి, స్మార్ట్ మీటర్లు గంటను కూడా రాసుకుంటాయి. కేంద్రం 2023లో తెచ్చిన నియమాలు ఎండ వేళల్లో ధర మామూలుకన్నా తగ్గాలని, గిరాకీ వేళల్లో పెరగాలని అంటున్నాయి.

ఆ ధరలు మన బిల్లులోకి వచ్చిన రోజు గీజరు వేయాల్సిన సమయం మధ్యాహ్నం ఒంటిగంట. నీళ్లు రాత్రికి ఎంత వేడి నిలుపుకుంటాయన్నది ట్యాంకు చుట్టూ ఉన్న ఫోమ్ పొర మందం మీద ఉంటుంది. గీజరు మీది నక్షత్రాలు లెక్కగట్టేది దాన్నే, 24 గంటల్లో ఊరికే పోయే వేడి ఎంతని.