చిన్న రంధ్రం, పెరిగే పీడనం: కిడ్నీ రాళ్ల ఆపరేషన్ తర్వాత ఏం జరగవచ్చు?

కిడ్నీలో పెద్ద రాయి ఉందంటే ఒకప్పుడు నడుము పక్కన జానెడు కోత తప్పేది కాదు. వీపు వైపు నుంచి చేసిన చిన్న రంధ్రం గుండా రాయిని తీయవచ్చని 1976లో స్వీడన్ వైద్యులు ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ ప్రకటించారు. పీసీఎన్ఎల్ అనే పద్ధతి అలా మొదలైంది. ఇప్పుడు మూత్రమార్గం గుండా సన్నని స్కోప్ పంపి, లేజర్‌తో రాయిని పొడి చేసే పద్ధతీ ఉంది. దీనికైతే కోతే అక్కర్లేదు.

కోత చిన్నదైతే ప్రమాదమూ చిన్నదే అనుకుంటాం. రక్తస్రావం విషయంలో అది చాలావరకు నిజం. ఇన్ఫెక్షన్ సంగతి వేరు. అక్కడ కోత సైజు కన్నా కిడ్నీ లోపలి నీటి పీడనం ముఖ్యం.

ఆపరేషన్ చేసే డాక్టర్‌కు లోపల స్పష్టంగా కనిపించాలంటే సెలైన్ ఎడతెగకుండా పారుతుండాలి. సెలైన్ సంచిని కిడ్నీకి ఒక మీటరు ఎత్తున వేలాడదీస్తే, ఆ నీటి స్తంభం కలిగించే పీడనం సుమారు 74 మిల్లీమీటర్ల పాదరస మట్టానికి సమానం. వచ్చిన నీరు వచ్చినట్టే బయటకు పోతుంటే ఇబ్బంది లేదు. దారి ఇరుకైతే మాత్రం లోపల పీడనం పెరుగుతుంది. అది 30-40 మిల్లీమీటర్లు దాటితే నీరు కిడ్నీ కణజాలంలోకి, సిరల్లోకి చొరబడుతుంది. దాంతోపాటే బాక్టీరియా, వాటి విషాలు రక్తంలో కలుస్తాయి. అదే సెప్సిస్‌కు దారి.

ఆ బాక్టీరియా తరచూ రాయిలోనే ఉంటుంది. ప్రోటియస్ వంటివి యూరియాను విడగొట్టి, మూత్రాన్ని క్షారంగా మార్చి, రాయి పెరగడానికి కారణమవుతాయి. ఆ పొరల మధ్యే దాక్కుంటాయి. రాయి పగిలినప్పుడు బయటపడతాయి. అందుకే ముందు చేసిన మూత్రం కల్చర్‌లో ఏమీ లేదని వచ్చినా పూర్తి భరోసా కాదు. తీసిన రాయి ముక్కను కూడా కల్చర్‌కు పంపితే, తర్వాత జ్వరం వచ్చినప్పుడు ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తెలుస్తుంది.

గొట్టం సన్నబడే కొద్దీ చిక్కు పెరుగుతుంది. సాఫీగా పారే ద్రవానికి, గొట్టం వ్యాసార్థం సగమైతే అదే పీడనం దగ్గర ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. మామూలు పీసీఎన్ఎల్ గొట్టం 8-10 మిల్లీమీటర్లు ఉంటుంది. గుజరాత్‌లోని నడియాడ్ వైద్యులు 2011లో ప్రపంచానికి పరిచయం చేసిన మైక్రోపెర్క్‌లో సూది 1.6 మిల్లీమీటర్లే. ఇంత సన్నని దారిలో నీరు తిరిగి రావడం కష్టం. నీటిని, రాతిపొడిని కలిపి పీల్చేసే సక్షన్ గొట్టాలు ఇటీవల ప్రాచుర్యంలోకి రావడానికి కారణం ఇదే.

భారత్ సహా 26 దేశాల్లో, 5,800 మందికి పైగా పీసీఎన్ఎల్ రోగులతో 2011లో వెలువడిన అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత 10.5 శాతం మందికి జ్వరం వచ్చింది. 5.7 శాతం మందికి రక్తం ఎక్కించాల్సి వచ్చింది. జ్వరం వచ్చినవారందరికీ సెప్సిస్ ఉన్నట్టు కాదు. కానీ ఏది మామూలు జ్వరమో ఇంట్లో కూర్చుని తేల్చడం కుదరదు. చలితో వణుకు, ఆయాసం, మత్తుగా ఉండటం, మూత్రం తగ్గిపోవడం కనిపిస్తే పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా ఆగకూడదు, ఆసుపత్రికి వెళ్లాలి.

వారం పది రోజుల తర్వాత మూత్రంలో ఉన్నట్టుండి ఎర్రటి రక్తం, గడ్డలు కనిపించినా అంతే. లోపల దెబ్బతిన్న ధమని గోడ బుడగలా ఉబ్బి చిట్లితే ఇలా జరుగుతుంది. రక్తనాళం లోపలి నుంచే దాన్ని మూసివేసే చికిత్స ఉంది.

ఇక స్టెంట్. మూత్రం సాఫీగా దిగడానికి కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా వేసే ఈ మెత్తటి గొట్టం కొన్ని రోజులో, వారాలో ఉంచి తీసేయాల్సినదే. మంట, మాటిమాటికీ మూత్రం రావడం దానివల్ల మామూలే. అవి తగ్గి, నొప్పి పోయాక చాలామంది దాని సంగతే మర్చిపోతారు. నెలల తరబడి ఉంటే స్టెంట్ చుట్టూ మళ్లీ రాయి పేరుకుంటుంది. అప్పుడు దాన్ని తీయడానికే ఇంకో ఆపరేషన్ కావాలి. కొన్ని ఆసుపత్రులు అందుకే స్టెంట్ రిజిస్టర్ పెట్టి, గడువు దగ్గరపడగానే రోగులకు ఫోన్ చేస్తున్నాయి.