సాత్విక్ తొలి ఆరేళ్లు, అంకెల్లో

రావులపాలెం సెంటర్లో హైవే వదిలి కొత్తపేట రోడ్డు పడితే అమలాపురం ముప్పై చిల్లర కిలోమీటర్లు. ఆ ఊరి కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ పేరెత్తగానే జనానికి గుర్తొచ్చే అంకె గంటకు 565 కిలోమీటర్లు. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకా పట్టణంలో, యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్‌లో అతను కొట్టిన స్మాష్ వేగం అది. పదేళ్లుగా నిలిచిన 493 రికార్డు దాంతో పోయింది. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది, బాగానే ఉంది. అయితే అది మ్యాచ్‌లో కొట్టిన దెబ్బ కాదు, అవతల దాన్ని తిప్పికొట్టడానికి కాచుకున్న వాళ్లెవరూ లేరు. పైగా షటిల్ రాకెట్‌ను వదిలిన క్షణంలో కొలిచే వేగం అది, ఈకల బంతి కాబట్టి నెట్ దాటేసరికే సగం ఊపు చచ్చిపోతుంది. ఈ కుర్రాడు ఎలా ఎదిగాడో తెలుసుకోవాలంటే దానికంటే 5,925 అనే అంకె ఎక్కువ పనికొస్తుంది.

అవి డాలర్లు. 2018 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఓపెన్ పురుషుల డబుల్స్ గెలిచినందుకు సాత్విక్, అతని జోడీ చిరాగ్ శెట్టి ఇద్దరికీ కలిపి వచ్చిన సొమ్ము. సూపర్ 100 స్థాయి టోర్నీ, మొత్తం ప్రైజ్ మనీ 75 వేల డాలర్లు, అందులో డబుల్స్ విజేతల వాటా 7.9 శాతం. అప్పటి మారకంలో నాలుగు లక్షల పాతిక వేలు. ఇద్దరూ పంచుకుంటే తలా రెండు లక్షల పైచిలుకు. సాత్విక్‌కు 18 నిండి అప్పటికి నెల కూడా కాలేదు.

సరిగ్గా అదే నెలలో అమెరికాలో 19 ఏళ్ల ఇంకో కుర్రాడు తన మొదటి బేస్‌బాల్ సీజన్ ముగిస్తున్నాడు. హువాన్ సోటో, డొమినికన్ రిపబ్లిక్ రాజధాని శాంటో డొమింగో వాడు. ఆడేది అవుట్‌ఫీల్డర్‌గా. అంటే మన క్రికెట్‌లో బౌండరీ కాసేవాడి పని, దాంతోపాటు బ్యాటింగు. 116 మ్యాచుల్లో 22 హోమ్‌రన్లు కొట్టాడు, బ్యాటు పట్టిన నూరుసార్లలో నలభైసార్లు బేస్ చేరాడు. 2015లో, 16 ఏళ్లప్పుడే వాషింగ్టన్ నేషనల్స్ క్లబ్బు సంతకం పెట్టించుకుని అతనికి 15 లక్షల డాలర్లిచ్చింది. మేజర్ లీగ్‌లో ఒక్క బంతి ఆడకముందు మాట ఇది! 2018లో ఆ లీగ్‌లో కనీస జీతమే 5 లక్షల 45 వేల డాలర్లు.

ఇందులో ఆటగాడి గొప్పతనం ఎంతో, ఏర్పాటు గొప్పతనమూ అంతే. డొమినికన్ రిపబ్లిక్ జనాభా సుమారు కోటీ పది లక్షలు. మేజర్ లీగ్‌లోని 30 క్లబ్బులకూ అక్కడ సొంత అకాడమీలున్నాయి. ఏటా సీజన్ మొదలయ్యేనాటికి జట్లలో వందమంది దాకా ఆ దేశం వాళ్లే ఉంటారు. పదహారేళ్ల పిల్లాడి మీద ముందే డబ్బు పెట్టే వ్యాపారం అక్కడుంది. అందరూ సోటోలు కారు, పైకి రాలేక ఇంటిదారి పట్టేవాళ్లే ఎక్కువ. అయినా మొదటి పెట్టుబడి క్లబ్బుది.

షటిల్‌లో అలా సంతకానికి డబ్బిచ్చే క్లబ్బు లేదు. సాత్విక్‌కు మొదటి ఆసరా ఇల్లే. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు, రాష్ట్రస్థాయిలో షటిల్ ఆడినవారు. 2014లో పిల్లాడు హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో చేరాడు. 2016లో మలేషియా కోచ్ టాన్ కిమ్ హర్ అతన్ని తీసుకెళ్లి, తనకంటే మూడేళ్లు పెద్దవాడైన ముంబై కుర్రాడు చిరాగ్ పక్కన నిలబెట్టాడు. ఇద్దరూ పొడగరులే, ఇద్దరూ వెనక కోర్టులోంచి బాదేవాళ్లే. డబుల్స్ అంటే ఒకడు వెనక కొడుతుంటే ఇంకొకడు నెట్ దగ్గర కాయాలి, మరి ఇద్దరూ కొట్టేవాళ్లయితే కాసేదెవడు? ఆ సందేహం వాళ్లకే ఉండేదట.

ఇక్కడ ర్యాంకు లెక్క కొంచెం తెలియాలి. గత 52 వారాల్లో ఆడిన టోర్నీల్లో ఎక్కువ పాయింట్లు తెచ్చిన పదింటినే కూడతారు. సూపర్ 1000 గెలిస్తే 12,000 పాయింట్లు. సూపర్ 750కి 11,000, సూపర్ 500కి 9,200. సూపర్ 100కి 5,500. దాని కింద ఇంటర్నేషనల్ చాలెంజ్‌కి 4,000, సిరీస్‌కి 2,500. అంటే ఏడాదిలో పది చాలెంజ్ టోర్నీలు గెలిచినా 40,000 దగ్గర ఆగిపోతారు, నాలుగు సూపర్ 1000లు గెలిచినవాడు 48,000తో వాళ్లను దాటిపోతాడు. పోనీ నేరుగా పెద్ద టోర్నీకే పోదామంటే ర్యాంకు లేనిదే పేరు తీసుకోరు. ఎక్స్‌ప్రెస్ ఎక్కాలంటే ముందు పల్లెవెలుగులో తిరిగి తిరిగి టికెట్లు పోగెయ్యాలన్నమాట. 2016లో మారిషస్, 2017లో వియత్నాం టైటిళ్లు ఈ జోడీకి అలాంటి ప్రయాణాలే.

2018 ఏప్రిల్‌లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలకు వెళ్లేటప్పటికి సాత్విక్ వయసు 17 ఏళ్ల 7 నెలలు. మిక్స్‌డ్ టీమ్ ఫైనల్లో మలేషియాతో మొదటి మ్యాచ్‌కే అశ్విని పొన్నప్పతో కలిసి దిగి గెలిచాడు, భారత్‌కు స్వర్ణం వచ్చింది. పురుషుల డబుల్స్‌లో చిరాగ్‌తో రజతం. అయినా ప్రపంచంలోని తొలి పది జోడీల్లో చోటుకు ఇంకా ఏడాదికి పైగా పట్టింది.

ఆ చోటు తెచ్చింది 2019 ఆగస్టు 4. భుజం గాయం నుంచి కోలుకుని వచ్చిన సాత్విక్, చిరాగ్‌తో కలిసి థాయ్‌లాండ్ ఓపెన్ ఫైనల్లో అంతకుముందు ఏడాది ప్రపంచ చాంపియన్లయిన చైనా జోడీ లీ జున్‌హుయ్, లియు యుచెన్‌లను ఓడించాడు: 21-19, 18-21, 21-18. మూడు గేముల పాయింట్లూ కూడితే 60-58. ఆ రెండు పాయింట్ల తేడా విలువ 9,200 ర్యాంకింగ్ పాయింట్లు, 27,650 డాలర్లు, 16వ ర్యాంకు నుంచి 9కి ఎగబాకడం. సూపర్ 500 గెలిచిన మొదటి భారత పురుషుల జోడీ వాళ్లే. సాత్విక్‌కు 19 నిండటానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

ఇక టోక్యో ఒలింపిక్స్. దీన్ని మాత్రం కాగితం మీద వేసి చూడాల్సిందే. 2021 జులైలో గ్రూపులో నాలుగు జోడీలు, తొలి రెండిటికే క్వార్టర్స్ చోటు. సాత్విక్, చిరాగ్ మూడింట రెండు గెలిచారు. తైవాన్ జోడీ లీ యాంగ్, వాంగ్ చీ లిన్‌లను 21-16, 16-21, 27-25తో ఓడించారు. ఇండోనేషియా జోడీ గిడియోన్, సుకముల్జో చేతిలో రెండు గేముల్లో ఓడారు. ఇంగ్లండ్ జోడీని రెండు గేముల్లో గెలిచారు. చివరికి మూడు జోడీలకూ రెండేసి విజయాలు! అప్పుడు చూసేది గెలిచిన గేముల్లోంచి పోయిన గేములు తీసేస్తే ఎంత మిగిలిందని. ఇండోనేషియాకు 5-2, మిగులు మూడు. తైవాన్‌కు 5-3, మిగులు రెండు. మనవాళ్లకు 4-3, మిగులు ఒకటి. ఇంటికి.

రెండు మ్యాచులు గెలిచి ఇంటికా అని అప్పుడు చాలామంది అదృష్టాన్ని తిట్టుకున్నారు. లెక్క ఇంకో రకంగా వేసి చూడండి. తైవాన్‌తో రెండో గేము 16-21తో పోకుండా ఉండుంటే మనవాళ్ల మిగులు రెండు, తైవాన్‌ది ఒకటి అయ్యేవి. అప్పుడు ఇంటికి పోయేది తైవాన్. మూడో గేములో 27-25 దాకా లాగిన పోరాటం గురించి అందరూ రాశారు కానీ, కొంప ముంచింది మధ్య గేము. అలా బతికిపోయిన తైవాన్ జోడీయే ఆ ఒలింపిక్స్ స్వర్ణం ఎగరేసుకుపోయింది. ఫైనల్లో వాళ్ల చేతిలో ఓడింది ఎవరంటే, థాయ్‌లాండ్‌లో మనవాళ్లు ఓడించిన చైనా జోడీ. ఫైనల్‌కు వచ్చిన రెండు జోడీలనూ ఏదో ఒక రోజు ఓడించిన ఇద్దరు కుర్రాళ్లు క్వార్టర్స్ గడప కూడా తొక్కలేదు. అప్పటికి సాత్విక్‌కు 21 ఇంకా నిండలేదు.

తర్వాతి పది నెలలు వేగంగా నడిచాయి. 2022 జనవరిలో ఇండియా ఓపెన్ ఫైనల్లో మూడుసార్లు ప్రపంచ చాంపియన్లయిన ఆహ్సాన్, సెతియవాన్‌లపై 21-16, 26-24. మే 15న బ్యాంకాక్‌లో జట్ల పోటీ అయిన థామస్ కప్ ఫైనల్, ఎదురుగా 14 సార్లు కప్పు గెలిచిన ఇండోనేషియా. రెండో మ్యాచ్ మనవాళ్లది. మొదటి గేము 18-21తో పోయింది. రెండో గేములో ఓటమి అంచు దాకా వెళ్లి 23-21తో బయటపడ్డారు, మూడోది 21-19. పాయింట్లు కూడితే 62-61. ముందు మ్యాచ్ లక్ష్యసేన్, తర్వాతి మ్యాచ్ కిదాంబి శ్రీకాంత్ గెలిచారు. జట్ల పోటీ ఫైనల్లో మిగుళ్లు, తీసివేతలు ఎవరూ అడగరు. 3-0, థామస్ కప్ మొదటిసారి భారత్‌కు.