కృష్ణ వచ్చినది, రైలు రాలేదు

సికింద్రాబాదు నుండి మహబూబునగరము మీదుగా కర్నూలు పోవు ఇనుపదారి నేడు విద్యుచ్ఛక్తితో నడచుచున్నది. నిజాము కాలమున, 1916 లో గద్వాల వఱకు వేసిన మీటరుగేజి మార్గ మది; 1990 దశకమున పెద్దగేజిగా మాఱినది. సికింద్రాబాదు మహబూబునగరముల నడుమ 85 కిలోమీటర్ల జంటమార్గమును, విద్యుదీకరణమును సుమారు 1,410 కోట్ల రూపాయల వ్యయముతో ముగించి, 2023 ఏప్రిలు 8వ తేదీన ప్రధానమంత్రి జాతికి అంకితము గావించిరి. ఆ సెప్టెంబరులోనే కాచిగూడ–యశ్వంతపురము వందేభారత్ బండి ఈ దారిని పరుగిడ మొదలిడెను. కృష్ణా తుంగభద్రలను దాటిపోవు ఈ మార్గమును జూచి మేమును సంతసించితిమి.

కాని కల్వకుర్తివారి సంతోషము పొరుగింటి పెండ్లి సంతోషమే. రైలెక్కవలెనన్న జడ్చర్లకు పోవలయును. వేరుసెనగయు, ప్రత్తియు లారీలకే గతి.

ఇందొక విచిత్రము గలదు. కొల్లాపురము చెంత ఎల్లూరు నుండి కృష్ణాజలమును మూడంచెలుగా నెత్తి మా మెట్టకు తెచ్చుచున్నది విద్యుచ్ఛక్తియే. అంచెకు 30 మెగావాట్ల పంపులు అయిదు. నదినే మెట్ట యెక్కించిన శక్తికి, 25,000 వోల్టుల తీగ క్రింద నొక బండిని నడిపించుట బరువా?

గద్వాల–మాచర్ల మార్గము మాట వినుచునే ఈ ప్రాంతమున తలలు నెరసినవి. డోర్నకలు–గద్వాల మార్గమునకు తుది సర్వే జరుప 2023 లో అనుమతి లభించినది. మంచిదే. కాని సర్వే రాళ్లు పట్టాలు కావు. మునీరాబాదు–మహబూబునగరము మార్గము 1997–98 లో మంజూరు కాగా, అందలి జక్లేరు–కృష్ణ భాగము, 37 కిలోమీటర్లు, 2023 అక్టోబరు 1 నాటికి గాని ప్రారంభము కాలేదు. పావు శతాబ్ద మన్నమాట!

ఆలస్యమునకు సర్కారును నిందించుట సులభము, నిందింపవలసినదే. అయితే భూస్వాములైన మా పాఠకుల నొక మాట యడుగుదుము. రైలు రావలెను గాని తమ పొలము మీదుగా రారాదను వారు మనలో లేరా? పరిహారమునకై గట్టిగా నిలువుడు, అది మీ హక్కు. ఆ నేలను కౌలుకు దున్నువాని నష్టమును గూడ ఆ పద్దులో వ్రాయింపుడు. స్టేషను ఊరికి దూరముగా బడకుండ, గూడ్సుషెడ్డు మార్కెటు యార్డునకు బండి తోలుకొని పోదగినంత చేరువ నుండునట్లు, గుఱుతు రాళ్లు పాతకమునుపే విన్నపములు పంపుడు. పాతిన పిదప వినువా రుండరు.