మంచు జారే వాలు ఎంత? బతికే గడువెంత?

జనగామ నుంచి హైదరాబాద్ పోయే దారిలో భువనగిరి గుట్ట కనిపిస్తుంది. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ కొండలెక్కడం నేర్చుకున్నది ఆ బండ మీదే. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్ట్ ఎక్కారు. అంతకు ఐదు వారాల ముందు, ఏప్రిల్ 18న, అదే పర్వతానికి నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది నేపాలీలు చనిపోయారు. మన పిల్లలు ఎక్కింది టిబెట్ వైపు నుంచి.

ఎవరెస్ట్ సంగతి సరే, కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు స్కీయింగ్‌కని బయల్దేరే పిల్లల మాటేమిటి? అమెరికాలో ఉండి శని, ఆదివారాల్లో మంచుకొండలకు పోయేవాళ్ల మాటేమిటి? మహబూబాబాద్‌లో కూర్చుని టీవీలో ‘మంచు చరియలు’ అని వినే తల్లిదండ్రుల భయం తీరాలంటే ముందు అవి ఎందుకు జారతాయో తెలియాలి.

భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ గని దగ్గర టిప్పర్లు పోసిన మట్టి కుప్పలు చూసే ఉంటారు. వదులు మట్టి ఒక వాలు వరకే నిలుస్తుంది, మించితే జారిపోతుంది. మంచుతో చిక్కేమిటంటే, అది జారాల్సిన చోట కూడా నిలబడి మోసం చేస్తుంది. పొరలు పొరలుగా పేరుకుంటుంది కదా, పై పొర గట్టి పలకలా బిగుస్తుంది. దాని కింద వదులు గింజల పొర ఉందంటే, మనిషి బరువు పడగానే అది నలిగి, పలక మొత్తం ఒక్కసారిగా తెగుతుంది. స్కీయర్లు చనిపోయిన ప్రమాదాల్లో పదింట తొమ్మిది, వాళ్లో వాళ్ల జట్టువాళ్లో కదిలించినవే.

ఎక్కువగా తెగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. పది అడుగులు ముందుకు పోతే దాదాపు ఆరడుగులు పైకి లేచేది 30 డిగ్రీలు. పదికి పది లేస్తే 45. అంతకన్నా బాగా నిటారుగా ఉంటే మంచు పేరుకోకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. మరి చదునైన చోట నిలబడితే భయం లేదా? తలపైన అలాంటి వాలు ఉంటే, ఉన్నట్టే.

ముప్పు ఎంతో చెప్పేందుకు 1 నుంచి 5 వరకు అంకెలు వాడతారు. మన హిమాలయాలకు ఈ హెచ్చరికలిచ్చేది డీఆర్‌డీఓకు చెందిన డీజీఆర్‌ఈ. 3 అంటే మధ్యరకం అనుకుని చాలామంది బయల్దేరతారు. కానీ ముప్పు అంకె అంకెకూ సమానంగా కాదు, రెట్లలో పెరుగుతుంది. ఐరోపాలో చావులు ఎక్కువగా నమోదయ్యేది 3 ఉన్న రోజుల్లోనే. 5 నాడు ఎటూ ఎవరూ కదలరు.

కప్పుకుపోతే? పది నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిది మంది బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురే. జారి ఆగిన మంచు ఘనపు మీటరు దాదాపు 400 కిలోలు తూగుతుంది, అంటే ఎనిమిది సిమెంటు బస్తాలు. కింద పడ్డవాడు వేలు కూడా కదపలేడు. హెలికాప్టర్ వచ్చేసరికి గడువు దాటిపోతుంది కాబట్టి తవ్వాల్సింది పక్కనున్న స్నేహితుడే. అందుకే జట్టులో ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులుండాలి: ఉన్న చోటును సిగ్నల్‌తో చెప్పే బీకన్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార. ఆ సిగ్నల్‌ను పట్టేదీ ఇంకో బీకనే కాబట్టి, ఒక్కడి దగ్గరే ఉంటే ఉపయోగం లేదు.

‘సియాచిన్‌లో ఒక జవాను ఆరు రోజులు బతికాడు కదా’ అంటారు. నిజమే. 2016 ఫిబ్రవరి 3న అక్కడ పదిమంది జవాన్లు కూరుకుపోయారు, అందులో ఒకరు మన కర్నూలు జిల్లావాడు. ప్రాణంతో దొరికింది లాన్స్ నాయక్ హనుమంతప్ప ఒక్కరే. ఆయనా 11న కన్నుమూశారు. ఆ అరుదైన సంగతిని లెక్కలోకి తీసుకుని ఎవరూ కొండెక్కకూడదు.

స్కీ కేంద్రాల్లో సిబ్బంది చిన్న పేలుళ్లతో మంచును ముందే జార్చేస్తారు, ప్రమాదమున్న చోట తాడు కడతారు. తాడు లోపల ముప్పు బాగా తక్కువ, సున్నా మాత్రం కాదు: 2024 జనవరి 10న కాలిఫోర్నియాలోని పాలిసేడ్స్ టాహోలో కేంద్రం లోపలే ఒకరు పోయారు. గుల్మార్గ్‌లో 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ చనిపోయారు.

మనాలి దగ్గరి సోలాంగ్‌లో ట్యూబు మీద జారి, ఫొటోలు దిగి వచ్చేవారికి బీకన్ అక్కర్లేదు. వాళ్లకు ముప్పు దారిలోనే. గట్టిగా మంచు కురిసిన మర్నాడు పోలీసులు అటల్ టన్నెల్ రోడ్డు మూసేస్తే, ఇంకో దారి చూడమని డ్రైవర్‌పై ఒత్తిడి తేకండి.