కుక్క కరచినచో దోషమెవరిది?

గ్రామపెద్దలారా,

ఇంటి ముంగిట కుక్క, వీధిలో కుక్క, గొర్రెల మందవెంట కుక్క. కుక్క లేని పల్లె మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో కానరాదు. మీ యెదుటికి వచ్చు తగవులలో కుక్క తగవును ఒకటి. అట్టి తగవు వచ్చినపుడు మన నోట మొదట వెడలు ప్రశ్న “అది ఏ జాతి కుక్క?” అని. “దానిని పెంచినవాడెవడు? ఎట్లు పెంచినాడు?” అను ప్రశ్న కడపట వచ్చును; పెక్కుసారులు రానే రాదు. ఈ వరుస తలక్రిందులైనదని నా యభిప్రాయము.

మనలో రెండు దురభిప్రాయములు పాతుకొని యున్నవి. మొదటిది సీమకుక్కలను గూర్చినది. పిట్‌బుల్, రాట్‌వీలరు అను పేళ్లు వినినంతనే అవి పుట్టుకతోనే నరహంతకములని తలచెదము. రెండవది మన ఊరకుక్కను గూర్చినది. దానికి జాతియు లేదు, వెలయు లేదు, కావున దానిని కొట్టినను చంపినను అడుగువాడు లేడని తలచెదము. 2026 జనవరిలో హనుమకొండ, కామారెడ్డి, జగిత్యాల జిల్లాల పల్లెలలో వందలకొలది కుక్కలను విషముతో చంపిరని ఫిర్యాదులు పోలీసు ఠాణాలకు పోయినవి. కుక్కలవలన కష్టము లేదని నేననను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులోని అంబరుపేటలో నాలుగేండ్ల బాలుని వీధికుక్కలు పీకి చంపినవి. బిడ్డలు గలవారెవ్వరును ఆ సంగతిని మరువలేరు. అయినను కరచిన కుక్క ఒకటియైనపుడు, కరవని నూరింటిని చంపుట ఏ ధర్మశాస్త్రమున నున్నది?

నన్నయభట్టు భారతమున ఆదిపర్వమును చదివినవారు సరమ కథ నెరుగుదురు. జనమేజయుడు యాగము చేయుచుండగా దేవశుని సరమ కొడుకు ఆ చోట ఆడుకొనవచ్చెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది హవిస్సును ముట్టలేదు, చూడనైన లేదు. తల్లి వచ్చి, తప్పు చేయని నా బిడ్డను ఏల కొట్టితిరని నిలదీసినది. అంతటి రాజును కుక్క నిలదీసిన ఘట్టమును మన ఆదికవి తన కావ్యమున మొదటనే చెప్పినాడు. ఆమె అడిగినది తన జాతిపై దయ కాదు. తప్పెవరిదో విచారించితిరా అని మాత్రమే.

ఇక సీమకుక్కల సంగతి. 2024 మార్చి 12వ తేదీన కేంద్రప్రభుత్వ పశుసంవర్ధకశాఖవారు 23 జాతులను క్రూరజాతులని పేర్కొని, వాని దిగుమతిని, పెంపకమును, అమ్మకమును ఆపవలసినదని రాష్ట్రములకు లేఖ వ్రాసిరి. ఏప్రిలు 10వ తేదీన కర్ణాటక హైకోర్టు, సంబంధించినవారి మాట వినకుండ చేసినదని ఆ లేఖను కొట్టివేసినది. ఈ త్రోవ క్రొత్తది కాదు. ఇంగ్లండువారు 1991లో నాలుగు రకములను నిషేధించిరి. 2023 చివర ఇంకొక రకమును చేర్చవలసి వచ్చినది. హాలెండువారు 1993లో పిట్‌బుల్‌ను నిషేధించి, కాట్లు తగ్గకపోవుట చూచి 2008లో ఆ నిషేధమును విడిచిరి. ఒక పేరును కొట్టివేసినచో, మూర్ఖుడైన యజమాని ఇంకొక పేరుగల కుక్కను తెచ్చుకొనును.

2022లో అమెరికా పండితులు 18,000కు పైగా కుక్కలను గూర్చి వాని యజమానులను విచారించి, అందు కొన్నింటి వంశలక్షణములను పరీక్షించిరి. కుక్కకును కుక్కకును నడవడిలో గల భేదమున జాతివలన తెలియునది నూటికి 9 పాళ్లు మాత్రమేనని తేలినది. రూపము జాతిని అనుసరించును. గుణము అంతగా అనుసరించదు. కాని ఒక మాట మరువరాదు. పెద్ద దవడగల కుక్క కరచినచో గాయమును పెద్దదే. అందుచేత అట్టి కుక్కను తెచ్చినవాని బాధ్యత హెచ్చవలెను గాని, కుక్క నేరము హెచ్చదు.

జగిత్యాల వైపు మామిడితోటల కావలికి ఇట్టి కుక్కలను తెచ్చువారిని నేను చూచినాను. పిల్లగా నున్నపుడే కొని తెత్తురు. పుట్టిన మూడవ వారము మొదలు పండ్రెండు, పదునాలుగు వారములవరకు కుక్కపిల్ల లోకమును నేర్చుకొను కాలము. ఆ దినములలో బిడ్డలను, ముసలివారిని, మేకలను, బండ్లను చూచి మెలగిన పిల్ల వానికి బెదరదు. ఈ దొరలు చేయునదేమి? సరిగా ఆ దినములలోనే దానిని మూరెడు గొలుసుతో చెట్టుకు కట్టివైతురు. రామగుండము ఎండలో, ఒత్తైన నల్లని బొచ్చుతో, నీళ్లతొట్టి యెండిపోయి అది సంవత్సరములు గడపును. పౌరుషము పెరుగునని కొందరు కర్రతో పొడిచి రెచ్చగొట్టుటయు కలదు. ఒకనాడు గొలుసు తెగి, రాలినకాయ కొరకు వచ్చిన పసివానిపై పడును. అపుడు యజమాని “ఆ జాతియే అంత” అని చేతులు దులుపుకొనును! జాతి మాట అతనికి ఎంత సుఖముగా నున్నదో చూడుడు.

ఆడుకుక్క ఈనినపుడు పిల్లలను సంచిలో వేసి అంగడిలోనో పొరుగూరి పొలిమేరలోనో విడిచి వచ్చువారు వేరొక తెగ. మనము వీధికుక్కలని తిట్టువానిలో ఇట్టివారి ఇండ్లనుండి వచ్చినవెన్నియో.

మన కురుమల, గొల్లల కుక్కలను చూడుడు. అవియును బలము గలవే, రాత్రులు తోడేళ్లను తరుమునవే. కాని గొర్రెపిల్లల నడుమ, మనుష్యుల నడుమ పెరుగును. ఒక ముసలి కురుమ నాతో నిట్లనెను: “కుక్కను సూడకుండ్రి అయ్యా, పెంచినోని చెయ్యి సూడుండ్రి.”

చట్టమును ఆ చేతినే చూచుచున్నది. తన జంతువువలన మనుష్యునికి ప్రాణాపాయము గాని తీవ్రగాయము గాని కలుగకుండ తగిన జాగ్రత్త పడనివానికి భారతీయ న్యాయసంహిత 291వ విభాగము క్రింద ఆరు నెలలవరకు ఖైదు, 5,000 రూపాయలవరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. ఎల్లప్పుడు కట్టియుంచిన కుక్కను తిప్పకుండుటయు, మితిమీరి పొట్టిగొలుసున కట్టుటయు, విడిచిపెట్టి పోవుటయు 1960 నాటి జంతుహింస నివారణ చట్టమున నేరములే. పెంపుడుకుక్కకు టీకాలు వేయించుట, పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయించుట యజమాని పనియని 2023 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. వీధికుక్కలకు ఆ పని చేయించుట స్థానికసంస్థలది. విషము పెట్టుట ఎవ్వరి పనియు కాదు. అది న్యాయసంహిత 325వ విభాగము క్రింద అయిదేండ్లవరకు ఖైదు పడదగిన నేరము.

కావున తగవు మీ యెదుటికి వచ్చినపుడు మొదట యజమానిని పిలిపింపుడు. మూడవ నెలలో పిచ్చివ్యాధి టీకా వేయించినాడా, ఏటేట వేయించుచున్నాడా, పశువుల దవాఖాన కాగితమేదియని అడుగుడు. వీధిలోనికి తెచ్చినపుడు గొలుసు చేత పట్టుచున్నాడా, కరచు అలవాటున్నచో మూతికి చిక్కము కట్టుచున్నాడా యని విచారింపుడు. గాయపడినవాని ఖర్చు ఆ యింటినుండియే రావలెను.

పిచ్చివ్యాధి జాతిని చూచి రాదు. కాటు పడినంతనే సబ్బుతో, ధారగా పడు నీటితో పావుగంటసేపు కడుగవలెను. సున్నము, పసరు, కారము పెట్టరాదు. వెంటనే ప్రభుత్వ దవాఖానకు పోయి సూదిమందు మొదలుపెట్టవలెను. కుక్కను చంపక పది దినములు కట్టియుంచి చూడవలెను. పది దినములు ఆరోగ్యముతో బ్రతికినచో, కరచిననాడు దాని చొంగలో వ్యాధి లేదని వైద్యులు నిశ్చయింతురు. అంతవరకు సూదిమందు ఒక్క మోతాదును తప్పరాదు.