సెల్ఫ్ తిరుగుతుంది, కారు మాత్రం స్టార్ట్ కాదు: బ్యాటరీ మార్చే ముందు కీ సంగతి చూడండి

తరావీహ్ నమాజు ముగించుకుని బయటికొచ్చేసరికి ఎవరిదో ఒకరి కారు మొరాయిస్తుంది. నలుగురు కుర్రాళ్లు చేరి వెనక నుంచి నెడతారు. ఒకాయన బ్యాటరీ అంటాడు, ఇంకొకాయన సెల్ఫ్ మోటార్ అంటాడు. అయితే కారులోని దొంగతనం నిరోధక వ్యవస్థ కీని గుర్తుపట్టకపోతే, కిలోమీటరు దూరం నెట్టినా ఇంజిన్ అంటుకోదు. ఇంధనాన్నో, స్పార్క్‌నో, కొన్ని కార్లలో సెల్ఫ్‌నో కారు కంప్యూటరే ఆపేస్తుంది.

దీన్ని ఇమ్మొబిలైజర్ అంటారు. మారుతి వాళ్లు తమ కార్లలో దీనికి ఐక్యాట్స్ అని పేరు పెట్టారు. కీ పైభాగంలోని ప్లాస్టిక్ లోపల చిన్న చిప్ ఉంటుంది, బియ్యపు గింజకు కాస్త పెద్దది. కీ పెట్టి తిప్పే చోట చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటుంది. మీరు కీ ఆన్ చేయగానే ఆ తీగ నుంచి వచ్చే రేడియో తరంగమే చిప్‌కు కరెంటు ఇస్తుంది, చిప్ తన కోడ్ చెబుతుంది, కంప్యూటర్ సరిచూసుకుంటుంది. ఇదంతా క్షణంలో అయిపోతుంది. యూరప్‌లో 1998 అక్టోబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి చేశారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కీ తిప్పి స్టార్ట్ చేసే కార్లలో ఈ చిప్‌కు రిమోట్ బ్యాటరీతో పనిలేదు. రిమోట్ నొక్కితే డోర్లు తెరుచుకుంటున్నాయి కాబట్టి కీ బాగానే ఉందనుకోవద్దు. రిమోట్ పనిచేయడం లేదు కాబట్టి కారు స్టార్ట్ కావడం లేదనీ అనుకోవద్దు. రెండూ వేర్వేరు.

ముందు కీని ఆన్ వరకే తిప్పి మీటర్ బోర్డు చూడండి. కారు బొమ్మ మీద కీ గానీ తాళం గానీ ఉన్న చిన్న లైటు చాలా కార్లలో ఉంటుంది. రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోతే కీని గుర్తుపట్టినట్టే, లోపం వేరే చోట వెతకాలి. ఆగకుండా మినుకుమంటుంటే కారు మీ కీని ఒప్పుకోవడం లేదు. (కారు ఆపి ఉన్నప్పుడు నెమ్మదిగా మినుకుమనే ఎర్ర లైటు మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు.) కొన్ని మోడళ్లలో గుర్తులు తేడాగా ఉంటాయి, కారుతో ఇచ్చిన పుస్తకంలో ఒకసారి చూసుకోండి.

తర్వాత శబ్దం వినండి. టక్ టక్ టక్ అని మాత్రమే వస్తూ లైట్లు మసకబారితే ముందు అనుమానించాల్సింది బ్యాటరీనే. హజ్‌కు వెళ్లి నలభై రోజుల తర్వాత వచ్చినవాళ్లకు ఎదురయ్యేది ఎక్కువగా ఇదే. నిండుగా ఉన్న బ్యాటరీ మీటర్ పెడితే 12.6 వోల్టులు చూపిస్తుంది, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ అయినట్టే. ఓల్టేజీ బాగా పడిపోతే ఇమ్మొబిలైజర్ కూడా తికమక పడుతుంది, అందుకని ముందు ఛార్జింగ్ పెట్టించి చూడాలి. సెల్ఫ్ బలంగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే, లేదా అందుకుని ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతే, లైటు కూడా మినుకుమంటుంటే అప్పుడు కీ మీద అనుమానం పెట్టుకోండి.

కీని గుత్తి నుంచి విడదీయండి. ఇంట్లో రెండు కార్లుండి రెండు కీలూ ఒకే గుత్తిలో ఉంటే, ఒక చిప్ మాట్లాడుతుంటే ఇంకొకటి అడ్డొస్తుంది. ఇనుప రింగులూ అంతే. ఒంటి కీతో ప్రయత్నించండి. కాకపోతే బీరువాలో ఉన్న రెండో కీ తెప్పించి చూడండి. దాంతో స్టార్ట్ అయితే లోపం కారులో లేదు, మొదటి కీలో ఉంది. వేల రూపాయల పనిని తప్పించే పరీక్ష ఇదొక్కటే, ఖర్చేమీ లేదు.

మొదటి కీ ఎందుకు చెడింది? కింద పడి చిప్ పగిలి ఉండొచ్చు, జేబులో ఉండిపోయి వాషింగ్ మెషీన్‌లో తిరిగి ఉండొచ్చు. మన దగ్గర ఎక్కువగా జరిగేది మాత్రం ఇంకొకటి. రిమోట్ పైకవర్ విరిగితే బజారులో కొత్త కవర్ వేయించుకుంటాం. దుకాణం అతను బటన్ల బోర్డు మార్చి ఇస్తాడు, చిప్ పాత కవర్ మూలలో అతుక్కుని అలాగే ఉండిపోతుంది. డోర్లు బ్రహ్మాండంగా తెరుచుకుంటాయి, ఇంజిన్ మాత్రం రాదు. అందుకే పాత కవర్ పారేయకుండా ఇంటికి తెచ్చుకోండి. నకలు కీ కోయించుకున్నప్పుడూ ఇదే గొడవ, అది డోర్ తెరుస్తుంది, ఇగ్నిషన్‌లో తిరుగుతుంది, చిప్ వేసి కోడ్ ఎక్కించకపోతే అంతవరకే.

బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్ల సంగతి వేరు, అక్కడ రిమోట్ బ్యాటరీ లెక్కలోకి వస్తుంది. కీ కనబడలేదని తెర మీద వస్తే రిమోట్‌ను ఫోన్‌కు, ఛార్జర్‌కు దూరంగా తీసి, స్టార్ట్ బటన్‌కే ఆనించి పట్టుకుని బ్రేక్ మీద కాలేసి నొక్కండి. చాలా మోడళ్లలో బ్యాటరీ అయిపోయినా ఇలా పనిచేస్తుంది. డోర్ తెరవడానికి రిమోట్ లోపల సన్నటి ఇనుప కీ దాగి ఉంటుంది. ఇంట్లో నడిపే ఆడవాళ్లకూ పిల్లలకూ దీన్ని ఒకసారి చేసి చూపిస్తే రాత్రి పూట రోడ్డు మీద ఇబ్బంది పడరు.

కారు కొన్న తర్వాత యాక్సెసరీస్ షాపులో సైరన్, సెంట్రల్ లాక్ వేయించుకుని ఉంటే అదీ అనుమానించాల్సిందే. కొన్నిట్లో స్టార్టర్ వైరునో, ఇంధన పంపు వైరునో కత్తిరించి మధ్యలో రిలే పెడతారు. అది చెడితే మీటర్ బోర్డులో ఏ గుర్తూ రాదు. వేసిన అతన్నే పిలిపించండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. అక్కడ 2011 నుంచి 2021 దాకా అమ్మిన కొన్ని కియా, హ్యుందయ్ కార్లలో ఇమ్మొబిలైజరే లేదు, అందుకే దొంగలకు సులువైపోయాయి. 2023లో కంపెనీలు ఉచితంగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చాయి. హ్యుందయ్‌లో ఆ అప్‌డేట్ తర్వాత రిమోట్‌తో లాక్ చేసిన కారును రిమోట్‌తోనే అన్‌లాక్ చేయాలి, మామూలు కీతో డోర్ తెరిస్తే స్టార్ట్ కాదు. అది లోపం కాదు. ఇక కీని ఆన్ చేసి పది నిమిషాలు ఆగండనే యూట్యూబ్ చిట్కా పాత జనరల్ మోటార్స్ కార్లది, మన ఆల్టోకు, ఐ10కు పనికిరాదు.

ఇవన్నీ అయ్యాక కూడా లైటు మినుకుమంటే స్కానర్ పెట్టి చూసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. తీగ చుట్ట చెడి ఉండొచ్చు, వైరు ఊడి ఉండొచ్చు. అక్కడ ఎవరైనా "ఇమ్మొబిలైజర్ తీసేద్దాం భాయ్, తలనొప్పి ఉండదు" అంటే ఒప్పుకోవద్దు. దాంతో కారును దొంగ చేతికి అప్పగించినట్టే, పైగా బీమా క్లెయిమ్‌కు చిక్కు తెచ్చుకున్నట్టు. కారు పోతే బీమా కంపెనీ సాధారణంగా రెండు కీలూ అడుగుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు కూడా రెండు కీలూ తీసుకోండి. ఒకటే ఇచ్చి "రెండోది పోయింది" అన్నారంటే ధరలో తగ్గించమని అడిగి, ఆర్‌సీ పట్టుకుని డీలర్ దగ్గర కొత్త కీ చేయించండి, పోయిందన్న ఆ కీ కోడ్‌ను కంప్యూటర్ నుంచి చెరిపించండి.